మలయాళమా, సెబువానోనా: మీకు ఏది పనికొస్తుంది?

మా మేనకోడలు ఫిలిప్పీన్స్‌లోని దవావోలో వైద్యం చదువుతోంది. హాస్టల్ గదిలో తోడు ఒక త్రిశూర్ అమ్మాయి. ఇద్దరూ కలిసే వండుకుంటారు, కలిసే చదువుకుంటారు. దాంతో గదిలో రోజూ మలయాళం వినబడుతుంది. తలుపు దాటితే ఊరంతా బిసాయా. పుస్తకాల్లో సెబువానో అని రాసేది ఈ భాషనే. మాట్లాడేవాళ్ళు మాత్రం బిసాయా అనే అంటారు. మొన్న ఫోన్ చేసి, "మామయ్యా, రెండూ చెవిన పడుతున్నాయి. ఒకటైనా గట్టిగా నేర్చుకుందామంటే ఏది మొదలుపెట్టను? మలయాళం మనకు చుట్టం కదా, తొందరగా వచ్చేస్తుందా?" అని అడిగింది.

నేను కొచ్చిలో నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను. మలయాళం పత్రిక తడుముకోకుండా చదవగలను. సెబువానోతో మాత్రం ఈ పిల్ల కోసం ఒక నిఘంటువు పక్కన పెట్టుకుని ఏడాదిగా కుస్తీ పడుతున్నాను. కాబట్టి ఒకదాని గురించి ఆ ఊరి నీళ్ళు తాగినవాడిగా, రెండోదాని గురించి ఇంకా విద్యార్థిగా రాస్తున్నానని ముందే ఒప్పుకుంటున్నాను. ఆమెలాగే ఈ రెండు భాషల మధ్య ఇరుక్కున్న తెలుగువాళ్ళు గల్ఫ్‌లోనూ ఉన్నారు. కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఆసుపత్రికి వెళ్తే ఒక నర్సు కోట్టయం నుంచి, ఇంకో నర్సు సెబు నుంచి వచ్చినవారు కావచ్చు.

ముందు ఏం తేల్చుకోవాలి

చాలామంది "ఏది సులువు?" అని మొదలుపెడతారు. నన్నడిగితే దానికంటే ముందు అడగవలసినవి నాలుగున్నాయి. రోజూ ఎవరితో మాట్లాడబోతున్నారు? మాట్లాడితే చాలా, చదవడం రాయడం కూడా కావాలా? ఆ ఊళ్ళో ఎన్నాళ్ళు ఉంటారు? మాట తప్పుగా పలికితే ఏమవుతుంది, నలుగురూ నవ్వి ఊరుకుంటారా, లేక ఒక రోగి ప్రాణం మీదికి వస్తుందా? సులువు సంగతి వీటి తరువాతే. పైగా ఈ రెండు భాషల్లో కష్టం ఒకచోట ఉండదు. మలయాళంలో కష్టం నోటిది, సెబువానోలో కష్టం వాక్యానిది.

ఆంగ్లం అనే ఆసరా రెండు చోట్లా ఉంది. ఫిలిప్పీన్స్‌లో 1987 రాజ్యాంగం ప్రకారం ఫిలిపీనోతో పాటు ఆంగ్లం కూడా అధికార భాష. వైద్య కళాశాలల్లో పాఠాలు ఆంగ్లంలోనే చెబుతారు. కొచ్చిలోనూ ఆంగ్లంతో రోజు గడిచిపోతుంది. ఈ ఆసరా ఉండడం వల్లే చాలామంది ఏ భాషా నేర్చుకోకుండా ఏళ్ళు గడిపేస్తారు. నా కొచ్చి సహోద్యోగుల్లో ఇద్దరు ఆరేళ్ళకు కూడా ఆటో డ్రైవర్‌తో బేరం ఆడలేకపోయేవారు.

చుట్టరికం ఎంతవరకు?

మలయాళం ద్రావిడ భాష, తమిళానికి తోబుట్టువు, మనకు కాస్త దూరపు చుట్టం. 2011 జనగణనలో 3.48 కోట్ల మంది దాన్ని మాతృభాషగా చెప్పుకున్నారు. సెబువానోది ఆస్ట్రోనేషియన్ కుటుంబం. దాన్ని సుమారు 2 కోట్ల మంది మాట్లాడతారు. ఫిలిప్పీన్స్ దీవుల్లో సెబు, బొహోల్, తూర్పు నెగ్రోస్, లేతేలో కొంత భాగం, మిందనావ్‌లో చాలా భాగం దాని నేల. మలయాళంతో మనకు నెత్తుటి సంబంధం ఉంది, సెబువానోతో ఏ సంబంధమూ లేదు. అయినా ఈ పట్టిక చూడండి.

| తెలుగు | మలయాళం | సెబువానో |
|---|---|---|
| మనం | నమ్మళ్ | కితా |
| మేము | ఞఙ్ఙళ్ | కమి |
| కాదు | అల్ల | దిలి |
| లేదు | ఇల్ల | వలా |
| వద్దు | వేండ | అయావ్ |
| వడ్లు | నెల్లు | హుమయ్ |
| బియ్యం | అరి | బుగాస్ |
| అన్నం | చోఱు | కన్-ఒన్ |
| ఏడు | ఏఴు | పితో |
| కోడి | కోఴి | మనోక్ |
| మందు | మరున్ను | తంబాల్ |
| జ్వరం | పని | హిలానత్ |

ఏడు, కోడి, మందు వరుసల్లో మలయాళం మన పక్కన నిలబడింది, సెబువానో దూరంగా ఉండిపోయింది. పై వరుసల్లో మాత్రం మూడు భాషలూ ఒకే తీరుగా ఆలోచిస్తున్నాయి. వినేవాణ్ణి కలుపుకుంటే "మనం", బయట పెడితే "మేము". ఈ తేడా హిందీలో లేదు, ఆంగ్లంలో లేదు. సెబువానోలో ఉంది. కాదు, లేదు, వద్దు అనే మూడు నిరాకరణలను ఒకే మాటలో కుక్కేసే భాషలు వచ్చినవాళ్ళు సెబువానో వ్యాకరణంలో ఈ పాఠం దగ్గర తల పట్టుకుంటారు. మనకు అది పాఠమే కాదు. "డాక్టర్ కాదు" అంటే దిలి, "రాలేదు" అంటే వలా, "వెళ్ళవద్దు" అంటే అయావ్. ఒక్క మెలిక ఉంది. "వెళ్ళను" అని ముందు జరగబోయేదాన్ని కాదనడానికి కూడా దిలినే వాడతారు.

వరి సంగతి నాకు మరీ ఇష్టం. చేలో ఉన్నప్పుడు, మర పట్టాక, ఉడికాక మూడు వేర్వేరు పేర్లు పెట్టుకున్న జాతులు మూడూ. కన్-ఒన్ అంటే "తినేది" అని అర్థం, "తిను" అనే కఒన్ ధాతువు నుంచి వచ్చింది. మన అన్నం సంస్కృతంలో "తిను" అనే అద్ ధాతువు నుంచి వచ్చింది. రెండు సముద్రాల అవతల కూడా ఉడికిన బియ్యాన్ని చూడగానే మనిషికి తట్టిన మాట ఒక్కటే.

మలయాళం: అర్థమవుతుంది, నోరు తిరగదు

తెలుగువాడికి మలయాళ వాక్యం కొత్తగా ఉండదు. క్రియ చివర్లోనే వస్తుంది. "ఎనిక్కు విశక్కున్ను" అంటే "నాకు ఆకలేస్తోంది", మాటకు మాట సరిపోతుంది. "అవన్ వన్ను ఎన్ను పఱఞ్ఞు" అంటే "వాడు వచ్చాడు అని చెప్పాడు". అందులో "ఎన్ను" మన "అని" తప్ప మరొకటి కాదు. సంస్కృత పదాలు బస్తాల కొద్దీ ఉన్నాయి కాబట్టి పత్రికలో శీర్షికలు మొదటి నెలలోనే సగం అర్థమవుతాయి.

క్రియల దగ్గరైతే మలయాళం మనకంటే ఉదారం. మనం వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళారు అని మనిషిని బట్టి తోక మారుస్తాం. మలయాళంలో నేనైనా, నువ్వైనా, వాడైనా, వాళ్ళైనా "పోయి" ఒక్కటే. మన భాష నేర్చుకునే మలయాళీల మీద నాకు జాలి కలిగింది ఇక్కడే.

కష్టం నోటి దగ్గర మొదలవుతుంది. మన వర్ణమాలలో చిన్నప్పుడు దిద్ది వదిలేసిన ఙ, ఞ అక్కడ రోజూ పనిచేస్తాయి. "నేను" అనాలంటేనే "ఞాన్" అనాలి. ఇక ఴ. నాలుకను వెనక్కి మడిచి ఎక్కడా తగలనివ్వకుండా పలికే ఈ శబ్దం ఒకప్పుడు మనకూ ఉండేది, పాత తెలుగు శాసనాల్లో దీనికి అక్షరమే ఉంది. తరువాత మన నోళ్ళలో అది చాలాచోట్ల డ అయిపోయింది. ఏఴు ఏడయింది, కోఴి కోడయింది. కోఴిక్కోడ్ వెళ్ళే బస్సు ఎక్కడ ఆగుతుందో అడగడానికి నేను మొదటి వారం ఊరి పేరు కాగితం మీద రాసి చూపించేవాణ్ణి.

చుట్టరికం వల్ల వచ్చే చిక్కు ఇంకొకటి. పరాయి భాషలో తెలియని మాట తెలియదని తెలుస్తుంది. చుట్టపు భాషలో తెలిసినట్టే ఉండి ముంచుతుంది. నేను చేరిన రెండో రోజు సహోద్యోగులు చాయకు పిలిచారు. "ఎనిక్కు పనియుండు" అన్నాను, పని ఉంది అన్న ఉద్దేశంతో. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. అరగంటలో నా బల్ల మీద పారాసెటమాల్ మాత్ర, గ్లాసుడు వేడినీళ్ళు ప్రత్యక్షమయ్యాయి. మలయాళంలో పని అంటే జ్వరం. చేసే పనిని పణి అంటారు. ఒక్క ణ కారం కోసం నేను మాత్ర మింగవలసి వచ్చింది.

సంస్కృత పదాలు కూడా ఇలాగే వేషం మార్చుకుంటాయి. సంసారం అంటే అక్కడ మాట్లాడడం. అవసరం అంటే అవకాశం. మనం "అవసరం" అనేదానికి వాళ్ళ మాట ఆవశ్యం. ఉపన్యాసం అంటే వ్యాసం. ఇలాంటివి ఒక పుస్తకంలో రాసుకుంటూ పోతే ఆరు నెలల్లో పుస్తకం నిండుతుంది. ఆ పుస్తకమే అన్నిటికంటే మంచి పాఠ్యగ్రంథం.

లిపి గురించి భయపడకండి. అక్షరాల వరుస మనదే. కొత్తగా నేర్చుకోవలసింది ముఖ్యంగా చిల్లు అక్షరాలు. మనం పొల్లు పెట్టి రాసే ల్, న్, ర్ లాంటివాటికి వాళ్ళు విడి రూపాలు పెట్టుకున్నారు. 1971లో కేరళ లిపిని సంస్కరించి చాలా జంట అక్షరాలను విడదీసింది. కానీ పాత పద్ధతి గోడల మీద, బోర్డుల మీద ఇంకా కనిపిస్తుంది. రోజుకు గంట చొప్పున కూర్చుంటే రెండు మూడు వారాల్లో తెలుగువాడు చదవగలడు.

పెద్దవాళ్ళను పిలిచేటప్పుడు "నిఙ్ఙళ్" వ్యాకరణం పుస్తకంలో "మీరు" అని కనిపించినా, ఎదుట నిలబడి అంటే కొందరికి గుచ్చుకుంటుంది. చేట్టన్, చేచ్చి అని వరస కలపడమే క్షేమం. అన్నా, అక్కా అని పిలిచే అలవాటున్న మనకు ఇది కొత్త కాదు.

సెబువానో: నోరు తిరుగుతుంది, వాక్యం తిరగబడుతుంది

ఇక్కడ అంతా అటుదిటు. రాసేది రోమన్ లిపిలో. మొదట్లో ఉన్న అచ్చులు మూడే, అ, ఇ, ఉ. స్పానిష్ మాటలతో ఎ, ఒ వచ్చి చేరాయి. శబ్దాలు చాలావరకు తెలుగు నోటికి అలవాటైనవే. గంటలో చదవడం వస్తుంది. ఆ గంట చూసి ఎంత సులువో అనుకోకండి.

క్రియ ముందుకు వస్తుంది. మనం చివర తగిలించే కాలాన్ని వాళ్ళు ముందు తగిలిస్తారు. మొకఒన్ అంటే తినబోవడం, మికఒన్ అంటే తినేయడం, నగ్‌కఒన్ అంటే తింటూ ఉండడం. ఇంతవరకు ఓపిక ఉంటే చాలు. అసలు మెలిక దీని తరువాత వస్తుంది.

"మికఒన్ అంగ్ బాతా ఒగ్ ఇస్దా" అంటే పిల్లాడు చేప తిన్నాడు అని, ఏదో ఒక చేప. "గికఒన్ సా బాతా అంగ్ ఇస్దా" అన్నా పిల్లాడు చేప తిన్నాడనే. కానీ ఈసారి మాట ఆ చేప గురించి. ఇందాక పళ్ళెంలో ఉందే, ఆ చేపను పిల్లాడు తిన్నాడు అని. "అంగ్" అనే చిన్న మాట వాక్యంలో దేని మీద కూర్చుంటే వాక్యం దాని గురించి అన్నమాట. అది కూర్చున్న చోటును బట్టి క్రియ తన ముందున్న ముక్కను మార్చుకుంటుంది. తిన్నవాడి మీద కూర్చుంటే మి, తిన్నదాని మీద కూర్చుంటే గి. మన దగ్గర "-ను" విభక్తి, వాక్యంలో మాటల వరుస, గొంతులో ఒత్తు కలిసి చేసే పని ఇక్కడ క్రియ ఒక్కతే మోస్తుంది. ఇది అర్థమవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మాట్లాడేటప్పుడు తట్టడం ఇంకా రాలేదు.

రెండో ఇబ్బంది చెవిది. రాతలో కనిపించని తేడాలు మాటలో ఉంటాయి. తుబోలో ఒత్తు మొదట పడితే గొట్టం, చివర పడితే చెరకు. వలా చివర గొంతు టక్కున మూసుకుంటే "లేదు", మూయకుండా వదిలేస్తే "ఎడమ". రాస్తే రెండూ ఒకటే. వైద్య విద్యార్థికి ఇది ఆట కాదు. నొప్పి ఎడమ వైపు ఉందని రోగి చెబుతుంటే లేదని రాసుకునే ప్రమాదం ఉంది.

సులువైన వైపు కూడా చెప్పాలి. "సియా" అనే ఒక్క మాటలో అతడు, ఆమె ఇద్దరూ ఇమిడిపోతారు. వారాల పేర్లు లూనెస్, మార్తెస్ అంటూ స్పానిష్ నుంచే వచ్చాయి. గడియారం, ధరలు కూడా చాలావరకు స్పానిష్ అంకెల్లోనే చెబుతారు. రెండు గంటలంటే "అలాస్ దోస్". తమ అంకెలు ఊసా, దుహా, తులో అని వేరే ఉన్నాయి, కాబట్టి లెక్క రెండుసార్లు నేర్చుకోవాలి. రోజురోజూ అనడానికి అద్లావ్-అద్లావ్ అంటారు, మాటను రెట్టించే అలవాటు మనలాగే. మనకు పనికొచ్చే సంస్కృతపు మరకలు కొన్ని కనిపిస్తాయి. దివాతా అంటే వనదేవత, మన దేవతే. మలయాళంలోలా బస్తాలు కాదు, చేటెడు కూడా ఉండవు.

సెబువానోను మనీలా వైపు భాష తగాలోగ్‌తో కలిపేయకండి. మనీలాలో నేర్చుకున్న తగాలోగ్‌తో సెబులో "లంగ్గమ్" అంటే చీమ అనుకుంటారు. సెబువానోలో అది పిట్ట. తగాలోగ్‌లో అసో అంటే కుక్క, సెబువానోలో పొగ. గౌరవం చూపడానికి తగాలోగ్‌లో వాక్యానికొకసారి పడే "పో" ఇక్కడ లేదు. వయసులో చిన్నవాళ్ళను దోంగ్, దై అని పిలుస్తారు. ఆసుపత్రిలో పెద్దావిడను నాయ్ అంటారు, పెద్దాయనను తాయ్ అంటారు. తమిళంలో తాయ్ అంటే అమ్మ. మా మేనకోడలి తరగతిలో చెన్నై కుర్రాడు ఒక ముసలాయనను ఆ మాటతో పిలవడానికి వారం రోజులు మొహమాటపడ్డాడట.

చదవడానికి, నేర్చుకోవడానికి ఏముంది

ఇక్కడ పోటీయే లేదు. మలయాళానికి 2013లో ప్రాచీన భాష హోదా వచ్చింది. 1965లో ఇచ్చిన మొట్టమొదటి జ్ఞానపీఠం ఒక మలయాళ కవిదే. ఇప్పటికి ఆ భాషకు ఆరు జ్ఞానపీఠాలు దక్కాయి. సినిమాలు, పత్రికలు, వార్తా ఛానళ్ళు కావలసినన్ని. సెబువానోలో 1930లో మొదలైన పత్రిక ఉంది, కవిత్వం ఉంది, రేడియో ఉంది, పాటలు బోలెడు. కానీ 1937లో జాతీయ భాషకు తగాలోగ్‌ను పునాదిగా తీసుకున్నప్పటి నుంచి బడి పుస్తకం, పెద్ద సినిమా దానికి అంతగా అందలేదు. 2024లో వచ్చిన చట్టం మూడో తరగతి వరకు మాతృభాషలోనే బోధించాలన్న నిబంధనను కూడా తీసేసింది.

ఒక హెచ్చరిక. అంతర్జాలంలో సెబువానో వికీపీడియా చూసి మురిసిపోకండి. అందులో 60 లక్షలకు పైగా వ్యాసాలున్నాయి, అయితే వాటిలో అత్యధికం ఒక కంప్యూటర్ ప్రోగ్రాం రాసినవే. ఊళ్ళ పేర్లు, పురుగుల పేర్లు మార్చి ఒకే వాక్యం లక్షలసార్లు. మలయాళ వికీపీడియాలో లక్ష లోపే ఉన్నా, మనుషులు కూర్చుని రాసినవి కాబట్టి వాటిని చదివితే భాష అబ్బుతుంది.

నిఘంటువుల విషయంలో రెండూ అదృష్టవంతులు. మలయాళానికి హెర్మన్ గుండర్ట్ చేసిన నిఘంటువు 1872లో వచ్చింది. సెబువానోకు జాన్ వోల్ఫ్ చేసినది సరిగ్గా వందేళ్ళకు, 1972లో వచ్చింది. రెండూ అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. వోల్ఫ్ పుస్తకంలో చాలా మాటలకు రోజువారీ వాక్యం ఉదాహరణగా ఉంటుంది. పైన చెప్పిన అంగ్ గొడవ నాకు ఎక్కింది ఆ ఉదాహరణల వల్లే.

మీరు ఎవరు?

దవావోలోనో సెబులోనో వైద్యం చదువుతుంటే సెబువానోనే, రెండో ఆలోచన వద్దు. మన దేశంలో గుర్తింపు కావాలంటే 2021 నిబంధనల ప్రకారం కనీసం 54 నెలల చదువుతో పాటు 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా అక్కడే చేయాలి. ఆ ఏడాది మీ ఎదుట కూర్చునేది ప్రొఫెసర్ కాదు, రోగి. వ్యాకరణం తరువాత చూసుకోవచ్చు. ముందు "అసా అంగ్ సకిత్?" (నొప్పి ఎక్కడ?), ఉలో (తల), తియాన్ (కడుపు), దుగ్హాన్ (ఛాతీ), ఉబో (దగ్గు) లాంటివి ఒక వంద మాటలు పట్టుకోండి. ఆరు వారాలు చాలు. అదే కళాశాల మనీలాలో ఉంటే ఈ సలహా చెల్లదు, అక్కడ తగాలోగ్ నేర్చుకోండి. ఇలోయిలోలో అయితే హిలిగాయ్‌నోన్.

గల్ఫ్‌కు వెళ్తున్నవారు మలయాళం నేర్చుకోండి. వేర్వేరు దీవుల ఫిలిపీనోలు బయటి దేశంలో కలిస్తే తగాలోగ్‌లోనే మాట్లాడుకుంటారు, మీ సెబువానో సెబు మనిషికి ముచ్చట గొలుపుతుంది తప్ప నలుగురిలో పనిచేయదు. మలయాళం మాత్రం కిరాణా కొట్టు నుంచి ఆసుపత్రి కౌంటర్ దాకా వినిపిస్తుంది. ఇక్కడ లిపి జోలికి పోకుండా మాట మీదే సమయం పెట్టండి.

కుటుంబంతో కేరళకు మారుతున్నారా? అయితే లిపితో సహా నేర్చుకోండి. పదో తరగతి వరకు బడుల్లో మలయాళం తప్పనిసరి చేస్తూ కేరళ 2017లో చట్టం చేసింది. బయటి నుంచి వచ్చిన పిల్లలకు ఉన్న వెసులుబాట్లు బడిలో చేర్చేటప్పుడే అడిగి తెలుసుకోండి. ఇంట్లో ఒక్కరికైనా అక్షరాలు వస్తే పిల్లల హోంవర్క్ దగ్గర యుద్ధాలు తగ్గుతాయి.

ఏడాదికోసారి శబరిమల వెళ్ళేవారికి, ఓటీటీలో మలయాళ సినిమాలు చూసేవారికి ఏ సలహా అక్కర్లేదు. తెలుగు డబ్బింగ్ మానేసి మలయాళంలోనే చూడడం మొదలుపెట్టండి, మూడు నెలల్లో చెవి తెరుచుకుంటుంది.

ఏ అవసరమూ లేక కేవలం భాష మీద మోజుతో అడిగేవారు కొందరుంటారు. వాళ్ళకు నా ఓటు సెబువానోకే. మలయాళం నేర్చుకుంటే తెలుగు ఎక్కడి నుంచి వచ్చిందో కొంత తెలుస్తుంది, అది గొప్ప సంగతే. అయితే క్రియను చివర పెట్టకుండా ఆలోచించడం ఎలా ఉంటుందో తెలియాలంటే పరాయి ఇంటికే వెళ్ళాలి.

మా మేనకోడలు నేను చెప్పినట్టే బిసాయా మొదలుపెట్టింది. పోయిన వారం ఫోన్‌లో, ఒక పెద్దాయన రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకుని "వలా" అన్నాడని, నొప్పి లేదన్నాడో ఎడమ వైపన్నాడో తెలియక మూడుసార్లు అడిగిందని చెప్పింది. చివరికి ఆయనే విసుగొచ్చి ఆమె చెయ్యి పట్టుకుని తన ఎడమ పక్క ఆనించుకున్నాడట.